స్లోగా వెళ్తుంటే ఫోర్ వీల్ పికప్ కుదుపుతోందా? స్పానర్ పట్టే ముందు ఇవి చూడండి

మాది పాడేరు దగ్గర పల్లె. కాఫీ తోట, సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియాలు. కాఫీ పండ్ల రోజుల్లో బస్తాలు మోయడానికీ, తక్కిన రోజుల్లో సంతకీ ఆస్పత్రికీ పెళ్లిళ్లకీ అన్నిటికీ ఒకటే బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ పికప్, ఫోర్ వీల్ డ్రైవ్, మాన్యువల్ గేర్లు. నేను మెకానిక్‌ని కాను. కానీ ఈ బండి నాలుగు నెలల పాటు నా చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది కాబట్టి, నాలాంటి బండే ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

కంప్లైంట్ ఇదీ. గంటకు 10, 20 కిలోమీటర్ల స్పీడులో, ఫస్టు, సెకండు గేర్లలో బండి కుదుపు. సంత దగ్గర జనంలో మెల్లగా తిప్పుతుంటే ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగి వదిలినట్టు ఉండేది. 40 దాటితే ఏమీ ఉండదు, మెత్తగా పోయేది.

ముందు డీజిల్ ఫిల్టర్ మార్చాను. రెండు రోజులు తగ్గినట్టే అనిపించింది, మూడో రోజు మళ్లీ మొదలు. తర్వాత ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పించి విశాఖ పంపి టెస్ట్ చేయిస్తే బాగానే ఉన్నాయన్నారు. విప్పి బిగించిన కూలీతో కలిపి 9,000 రూపాయలు పోయాయి. పంపు చూసేవాళ్లు ఇంజెక్టర్ అన్నారు, ఇంజెక్టర్ చూసేవాళ్లు క్లచ్ అన్నారు, క్లచ్ పనివాళ్లు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్స్ బలాన్ని యాక్సిల్‌కి మోసే పొడవాటి కడ్డీ) అన్నారు. ఎవరూ మోసం చెయ్యలేదు, ఎవరి పని వాళ్లకు కనబడిందంతే. పైగా వాళ్లను దారి తప్పించింది నేనే. "పొద్దున బాగానే ఉంటుందండీ, ఎండెక్కాక వస్తోంది" అని అందరికీ చెప్పేవాణ్ని. అది విన్నాక ఎవరైనా ఇంజన్ వేడెక్కడం గురించే ఆలోచిస్తారు.

చివరికి చోడవరంలో ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు. బీడీ ఆర్పి, "జర్కు తార్రోడ్డు మీద వస్తోందా, మట్టిలో కూడానా?" అని అడిగాడు.

నేను ఆలోచించాను. తోటలో ఎప్పుడూ రాలేదు. అదే లోడు, అదే ఫస్టు గేరు, అంతకన్నా ఎత్తు. అక్కడ రాలేదు.

"రాత్రి ఇంటికాడ బండెలా పెడతావు బాబూ?"

"రివర్సులో షెడ్డులోకి తోస్తానండీ."

"అదీ సంగతి" అన్నాడు.

ఆ రెండు ప్రశ్నలతోనే జవాబు తొంభై పాళ్లు వచ్చేసింది. అదేంటో కింద చెప్తాను. ముందు మీ బండికి కావాల్సింది చూద్దాం.

కుదుపు ఎటు నుంచి వస్తోంది

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. కుదుపు ఏ గేరులో, ఏ స్పీడులో వస్తోంది. తిన్నగా వెళ్తుంటేనా, స్టీరింగ్ తిప్పితేనా. తారు మీదా, మట్టి మీదా. యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా. ఖాళీగానా, లోడుతోనా. రివర్సులో వస్తుందా. నేను ఈ పని మొదటి రోజే చేసుంటే 9,000 మిగిలేవి.

తర్వాత క్లచ్ టెస్ట్. ఖాళీ రోడ్డు మీద బండి కుదుపుతున్న సమయంలోనే క్లచ్ పూర్తిగా తొక్కేయండి. కుదుపు టక్కున ఆగిపోయి బండి సాఫీగా దొర్లిందంటే గొడవ ఇంజన్ వైపు గానీ, ఇంజన్ బలాన్ని చక్రాలకు మోసే భాగాల్లో గానీ ఉంది. క్లచ్ తొక్కినా కుదుపు పోలేదు, లేదా బండి దొర్లకుండా బ్రేకు వేసినట్టు బిగుసుకుని ఆగిపోయింది అంటే గొడవ చక్రాల వైపు. ఫోర్ వీల్ పూర్తిగా వదలకపోవడం, టైర్లు, పట్టేసిన బ్రేకులు ఈ వైపుకొస్తాయి.

మొదటి జవాబు వచ్చిందనుకోండి, దాన్ని ఇంకా విడగొట్టాలి. బండి ఆపి, న్యూట్రల్‌లో ఇంజన్‌ని 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం నిలకడగా పట్టండి. ముల్లు ఊగుతూ, ఇంజన్ గొంతు మారుతూ ఉంటే డీజిల్, గాలి లేదా సెన్సార్ల సంగతి. ముల్లు కదలకుండా నిలబడిందీ, కదిలే బండిలో మాత్రమే కుదుపు వస్తోందీ అంటే షాఫ్టులు, ఇంజన్ కూర్చునే రబ్బరు మౌంటింగులు, క్లచ్ వైపు చూడాలి. ఇది నూటికి నూరు పాళ్లు నిజం కాదు. కొన్ని డీజిల్ లోపాలు లోడు పడితేనే బయటపడతాయి. కానీ మొదట ఎటు వెళ్లాలో చెప్తుంది.

ఫోర్ వీల్ బిగుసుకోవడం

పికప్‌ల్లో ఎక్కువ వాటికి ఉండేది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. నాబ్‌ని ఫోర్ హై (నాలుగు చక్రాలూ లాగే స్థానం) మీద పెడితే ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ఇంజన్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే గేర్ల పెట్టె, ముందు షాఫ్టునీ వెనక షాఫ్టునీ ఒకదానికొకటి గట్టిగా కలిపేస్తుంది. రెండిటినీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. అంటే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ ఒకే లెక్కన తిరిగి తీరాలి.

తిన్నగా వెళ్తే పర్వాలేదు. మలుపు తిరిగితే? వెనక యాక్సిల్ మధ్య భాగం 5.5 మీటర్ల రేడియస్‌తో ఒక చుట్టు తిరిగితే అది నడిచేది సుమారు 34.5 మీటర్లు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ దూరం 3.1 మీటర్లున్న బండిలో, అదే చుట్టుకి ముందు యాక్సిల్ నడవాల్సింది దాదాపు 39.7 మీటర్లు. ఒక చుట్టుకే 5 మీటర్ల తేడా. మట్టిలో, తడి గడ్డి మీద ఆ తేడా టైరు జారడంలో కలిసిపోతుంది. ఎండిన తారు మీద టైరు జారదు. ఆ బిగువంతా షాఫ్టుల్లో, గేర్లలో మెలిపెట్టిన తాడులా ఎక్కుతుంది. ఇక పట్టలేనప్పుడు ఏదో ఒక టైరు టక్కున ఎగిరి జారుతుంది. మనకు తెలిసే కుదుపు అదే.

దీన్ని గుర్తుపట్టడానికి చదునైన ఖాళీ జాగా చాలు. సిమెంటు గచ్చు అయితే మరీ మంచిది. నాబ్ టూ హైలో (వెనక చక్రాలు మాత్రమే లాగే స్థానం) పెట్టి, ఫస్టు గేరులో, యాక్సిలరేటర్ తొక్కకుండా, స్టీరింగ్ పూర్తిగా ఒక వైపుకు తిప్పి మెల్లగా ఒక చుట్టు తిరగండి. సాఫీగా తిరిగితే ఫోర్ వీల్ వదిలేసినట్టే. స్టీరింగ్ బరువెక్కి, టైర్లు కిర్రుమంటూ, బండి కుంటుతూ తిరిగితే నాబ్ ఏం చెప్పినా లోపల ఫోర్ వీల్ ఇంకా పట్టుకునే ఉంది.

పెద్దాయన నన్ను షెడ్డు ముందు గచ్చు మీద ఒక చుట్టు తిరగమన్నాడు. ముప్పావు చుట్టు అయ్యేసరికి ముందు టైరు కప్పలా గెంతింది. చూస్తున్న కుర్రాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అనుమానం ఇంకా మిగిలితే జాకీ టెస్ట్ ఉంది. చదును నేల మీద, ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక రెండు చక్రాలకూ ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. గేరు న్యూట్రల్, నాబ్ టూ హై. ముందు చక్రం ఒక్కటే నేల నుంచి లేచేలా జాకీ ఎత్తి, ఆ చక్రాన్ని చేత్తో తిప్పండి. చక్రం తిరిగి, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరక్కపోతే అంతా సవ్యం. చక్రంతో పాటు షాఫ్ట్ కూడా తిరిగితే ముందు చక్రాన్ని షాఫ్టుతో కలిపే హబ్ లాక్ గానీ యాక్సిల్ లాక్ గానీ వదల్లేదు, ట్రాన్స్‌ఫర్ కేస్ మాత్రం వదిలింది. దీనివల్ల డీజిల్ కాస్త ఎక్కువ తాగుతుంది గానీ బండి బిగుసుకోదు. వ్యాక్యూమ్‌తో పనిచేసే లాక్ అయితే సన్నటి రబ్బరు గొట్టాలు పగిలాయేమో, ఎలుక కొరికిందేమో చూడండి. చక్రం అసలు తిరక్కపోతే, బ్రేకు పట్టేయలేదని తేల్చుకున్నాక, ట్రాన్స్‌ఫర్ కేస్ ఇంకా ఫోర్ వీల్‌లోనే ఉందన్నమాట.

రెండు జాగ్రత్తలు. బిగుసుకున్న బండిని జాకీ ఎత్తితే, చక్రం నేల వదిలిన క్షణంలో లోపలి మెలి విడిపోయి చక్రం గిర్రున తిరగొచ్చు. చేతులు దూరంగా పెట్టుకోండి. రెండోది, ఫోర్ వీల్ బండి ఒక చక్రం గాలిలో ఉండగా ఇంజన్ స్టార్ట్ చేసి గేరు వేసి చూడటం లాంటి తెలివి వద్దు. మిగతా చక్రాలు లాగితే బండి జాకీ మీద నుంచి దూకేస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరొద్దు, స్టాండు పెట్టాలి.

బిగుసుకున్న ఫోర్ వీల్‌ని వదిలించడం తేలిక. నాబ్ టూ హైకి తిప్పి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, నాలుగైదు మీటర్లు రివర్స్ రండి. ముందుకెళ్లేటప్పుడు ఎక్కిన మెలి వెనక్కి వస్తే విడుతుంది. అప్పుడు రెండు షాఫ్టుల్నీ కలిపి పట్టుకున్న లోపలి స్లీవ్ మీద బరువు పోయి అది జారుతుంది. లివర్ రకం బండి అయితే లివర్‌ని బలంగా గుంజకండి, ఇలాగే రివర్స్ వచ్చాక వేలితో తీసినట్టు వస్తుంది.

నా "పొద్దున బాగుంటుంది" రహస్యం ఇప్పుడు అర్థమై ఉంటుంది. తోటలో ఫోర్ హై వేసేవాణ్ని. తారు రోడ్డెక్కాక టూ హైకి తిప్పేవాణ్ని, పని అయిపోయిందనుకునేవాణ్ని. అప్పటికే బిగువు ఎక్కి స్లీవ్ కదిలేది కాదు. అలాగే సంతంతా కుదుపుకుంటూ తిరిగి, రాత్రి ఇంటికొచ్చి రివర్సులో షెడ్డులోకి పెట్టేవాణ్ని. అక్కడ వదిలేది. మర్నాడు పొద్దున బండి బంగారం. వేడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మరి ఫోర్ వీల్ దీపం మీటర్ బోర్డులో మిణుకుతూ ఉండాలి కదా అని మీరడగొచ్చు. పెద్దాయన కూడా అదే అడిగాడు. నేను ఎప్పుడూ చూడలేదన్నాను. ఆయన అద్దాలు పెట్టుకుని స్టీరింగ్ సందులోంచి వంగి చూసి, గోటితో ఏదో గీరాడు. అంగుళం వెడల్పు నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క ఊడివచ్చింది. బండి అమ్మినవాళ్లు చెక్ ఇంజన్ దీపం కనబడకుండా అంటించారు, దాని పక్కనే ఉన్న ఫోర్ వీల్ దీపం కూడా దాని కిందే పోయింది. మీటర్ బోర్డు నల్లటిది, టేపు నల్లటిది. నాలుగు నెలలు దాని ముందు కూర్చుని బండి నడిపాను. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు ఒక్క మాట: తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందు హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలగాలి. వెలగని దీపం ఎందుకు వెలగలేదో అడగండి.

కొలత టేపు పట్టుకుని టైర్లు కొలవండి

కానీ తారు మీద తిన్నగా వెళ్తున్నా అంత బిగువు ఎందుకెక్కుతోంది? నేను టూ హైకి తిప్పేది మలుపులో కాదు, తిన్నటి రోడ్డు మీదే. దీనికి జవాబు టైర్లలో దొరికింది.

బండి కొన్నప్పుడు ముందు టైర్లు రెండూ అరిగిపోయి ఉంటే కొత్తవి వేయించాను. వెనకవి ఇంకో ఏడాది వస్తాయిలే అని వదిలేశాను. మామూలు బండికి ఇది తప్పేం కాదు. ఫోర్ వీల్‌కి తప్పే.

లెక్క చూడండి. నా టైరు సైజు 245/70 ఆర్ 16. కొత్తగా ఉన్నప్పుడు దాని వ్యాసం సుమారు 749 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 2,354. ముందు టైరు బటన్ (టైరు మీది గాళ్ల) లోతు 10 మిల్లీమీటర్లు, వెనక టైరుది 3. తేడా 7 మిల్లీమీటర్లే. కానీ చుట్టుకొలతలో అది 44 మిల్లీమీటర్లవుతుంది. కిలోమీటరుకి టైరు దాదాపు 425 సార్లు తిరుగుతుంది. అంటే ప్రతి కిలోమీటరుకీ ముందు చక్రాలు వెనకవాటికన్నా 18, 19 మీటర్లు ఎక్కువ నడవాలని చూస్తాయి. ఫోర్ హైలో వాటిని ఒకే లెక్కకు కట్టేశాం. ఆ 19 మీటర్లూ ఎక్కడో ఒకచోట జారి తీరాలి. తిన్నటి రోడ్డు మీద కూడా బిగువు ఎక్కుతూనే ఉంటుంది.

మీరు కొలవాలంటే ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూసుకోండి. ఆ తర్వాత టైరు నేలను తాకే చోట టైరు మీదా నేల మీదా సుద్దముక్కతో గీత గీయండి. బండిని తిన్నగా తోసి, టైరు మీది గీత మళ్లీ కిందకొచ్చిన చోట నేల మీద ఇంకో గీత. రెండు గీతల మధ్య దూరం టేపుతో కొలవండి. నాలుగు చక్రాలకీ ఇలాగే. చేత్తో కొలిచేటప్పుడు అటూ ఇటూ కొంచెం తేడా వస్తుంది కాబట్టి ఐదు చుట్లకు కొలిచి ఐదుతో భాగిస్తే ఇంకా నయం. ముందు జతకీ వెనక జతకీ తేడా కొట్టొచ్చినట్టు కనబడితే నాలుగూ ఒకే సైజు, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండేలా మార్చండి. స్టెప్నీని కూడా మర్చిపోవద్దు. కొత్త స్టెప్నీ ఒక్కటి వేసుకుని ఫోర్ హైలో తారు మీద పోతే ఇదే కథ.

నేను వెనక రెండూ కొత్తవి వేయించాను. ఇంకో అలవాటు కూడా మార్చుకున్నాను. తోట దారి చివర, ఇంకా మట్టి మీద ఉండగానే టూ హైకి తిప్పి, దీపం ఆరేదాకా చూసి, అప్పుడు తారెక్కుతున్నాను. టైరు జారే చోట స్లీవ్ ఇట్టే వదులుతుంది.

షాఫ్టులు, క్రాస్‌లు

గెంతడం పోయింది. కానీ కదిలేటప్పుడు కింద నుంచి ఠంగ్‌మని ఒక శబ్దం, దానితో పాటు చిన్న కుదుపు మిగిలాయి. ముందుకెళ్తూ ఆగి రివర్స్ వేసినప్పుడు మరీ స్పష్టం. ఇలాంటప్పుడు చూడాల్సింది ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు, అంటే షాఫ్ట్ చివర వంపులో కూడా తిరగనిచ్చే ప్లస్ ఆకారపు జాయింట్లు. నెలల తరబడి బిగువు మోసింది అవే కదా.

చక్రాలకు దిమ్మెలు, హ్యాండ్ బ్రేక్, గేరు న్యూట్రల్. షాఫ్టుని ఒక చేత్తో, దాని చివర క్రాస్‌ని పట్టి ఉంచే యోక్‌ని ఇంకో చేత్తో పట్టుకుని అటూ ఇటూ మెలిపెట్టండి, పైకీ కిందకీ ఆడించండి. క్రాస్ దగ్గర కంటికి కనిపించేంత ఆట ఉండకూడదు. వెనక డిఫరెన్షియల్ లోపలి గేర్ల మధ్య కాస్త ఆట సహజం, దానికీ దీనికీ తేడా గమనించండి: యోక్ రెండు ముక్కలూ కలిసి కదిలితే గేర్ల ఆట, ఒకటి కదిలి ఒకటి ఆగితే క్రాస్ ఆట. క్రాస్ కప్పుల చుట్టూ కుంకుమలాంటి ఎర్రటి పొడి కనబడితే లోపల గ్రీజు ఎండి సూదుల బేరింగ్ తుప్పు పట్టిందని అర్థం. నా వెనక క్రాస్ ఒక కప్పు చుట్టూ ఆ పొడి ఉంది. విప్పితే సూదులు పొడిపొడిగా రాలాయి.

గ్రీజు నిపుల్ ఉంటే గన్‌తో నాలుగు కప్పుల్లోంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. మూడిట్లోంచి వచ్చి నాలుగోదాంట్లోంచి రాకపోతే ఆ నాలుగోది ఎండిపోతోందన్నమాట. షాఫ్ట్ పొడవు సర్దుకునే జారుడు జాయింటుకి కూడా గ్రీజు పెట్టాలి. అది ఎండితే బండి ఆగాక ఒక్క క్షణానికి వెనక నుంచి ఎవరో తన్నినట్టు అవుతుంది.

షాఫ్ట్ విప్పే ముందు ప్రతి జాయింటు మీదా పెయింటుతో గుర్తు పెట్టండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ కాదు. వంపులో తిరిగే క్రాస్ తన అవతలి షాఫ్టుని ఒకే వేగంతో తిప్పదు, ఒక్కో చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. షాఫ్ట్ రెండో చివర ఉన్న క్రాస్ ఆ హెచ్చుతగ్గుల్ని సరిచేస్తుంది, రెండు యోక్‌లూ ఒకే వరసలో ఉంటేనే. జారుడు జాయింటుని ఒక పన్ను పక్కకి బిగిస్తే సరిచేయడం పోయి కొత్త అదురు పుడుతుంది. కొత్త క్రాస్‌లు వేయించాక అదురు మొదలైందంటే ముందు ఇది చూడండి.

షాఫ్ట్ రెండు ముక్కలుంటే మధ్యలో సెంటర్ బేరింగ్ ఉంటుంది. దాని రబ్బరు చిరిగితే లోడుతో కదిలేటప్పుడు దడదడమంటుంది. కుదుపు ఫోర్ హైలో, మట్టిలో కూడా వచ్చి, టూ హైలో రాకపోతే ముందు షాఫ్ట్ క్రాస్‌లు చూడండి. లాక్ వదిలేసిన ముందు షాఫ్ట్ టూ హైలో పెద్దగా పని చెయ్యదు కాబట్టి దాని రోగం అప్పుడు బయటపడదు.

కిందే ఉన్నారు కాబట్టి కమాన్ కట్టల యూ బోల్టులు కూడా స్పానర్‌తో ఒకసారి చూసేయండి. వదులైతే కదిలేటప్పుడు యాక్సిలే మెలి తిరుగుతుంది.

మౌంటింగులు, క్లచ్

ఇవి తొందరగా తేలిపోతాయి. కుదుపు హాఫ్ క్లచ్‌లో మాత్రమే వచ్చి, పెడల్ పూర్తిగా వదిలాక పోతే అది క్లచ్. ప్లేటు మీద ఆయిల్ పడటం, ఘాట్‌లో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టి నిలబెట్టి ప్లేటు మాడటం, ఫ్లైవీల్ అరగడం కారణాలు. గేర్ బాక్సూ ఇంజనూ కలిసే చోట కింద ఆయిల్ చుక్క వేలాడుతోందేమో చూడండి.

మౌంటింగులకు ఇద్దరు కావాలి. బానెట్ ఎత్తి ఒకరు పక్కన నిలబడాలి. పక్కన అంటే పక్కనే, బండికి ముందు కాదు, వెనక కాదు. ఇంకొకరు లోపల కూర్చుని హ్యాండ్ బ్రేక్, ఫుట్ బ్రేక్ వేసి, ఫస్టు గేరులో క్లచ్ పట్టే దాకా మాత్రం మెల్లగా వదిలి మళ్లీ తొక్కేయాలి. తర్వాత రివర్సులో అలాగే. ఇంజన్ కొంచెం వాలడం మామూలే. ఒక పక్క ఎగిరి లేచి మళ్లీ దభీమని కూర్చుంటే అటు వైపు మౌంటింగ్ రబ్బరు తెగింది. గేర్ బాక్స్ కింద ఉండే మౌంటింగ్ చాలామంది చూడరు.

డీజిల్, గాలి, సెన్సార్లు

టేపు తీశాక రెండో దీపం కూడా కనబడింది కదా, చెక్ ఇంజన్. దాని సంగతి మిగిలే ఉంది. బండి తిన్నగా, టూ హైలో, క్రాస్‌లు కొత్తవి, అయినా ఎత్తులో సెకండు గేరులో తక్కువ ఆర్‌పీఎం దగ్గర ఒక తడబాటు. ఇది గెంతడం కాదు, దగ్గు లాంటిది.

ఇలాంటి దానికి మొదట చౌక పనులు. ఫిల్టర్ కింద ఉన్న స్క్రూ వదులు చేసి ఒక గాజు సీసాలోకి పట్టండి. డీజిల్ కింద నీళ్లు విడిగా తేరుకుంటాయి. వానాకాలంలో డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్ పోసేవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే మార్చేయండి. పైపు జాయింటులోంచి గాలి లాగుతోందని అనుమానముంటే, పంపుకి వెళ్లే తక్కువ ప్రెషర్ పైపులో అడుగు పొడవు పారదర్శకమైన డీజిల్ గొట్టం పెట్టి బుడగలు వస్తున్నాయేమో చూడొచ్చు.

ఒక పాత అలవాటుని మాత్రం మానేయాలి. పాత డీజిల్ ఇంజన్లలో ఏ సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదో తెలుసుకోవడానికి ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేసేవాళ్లు. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి భారీ ప్రెషర్‌తో డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్‌లో అది ప్రాణాంతకం. ఆ పైపుల్లో ప్రెషర్ 1,000 బార్ దాటుతుంది. సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనబడినా అది ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పోవాల్సిన గాయం. సిలిండర్ల తేడా తెలియాలంటే స్కానర్‌లో ఇంజెక్టర్ కరెక్షన్ విలువలు (ఒక్కో ఇంజెక్టర్‌కి కంప్యూటర్ ఎంత డీజిల్ సర్దుతోందో) చూస్తే సరిపోతుంది.

ఫోనుకి కలిసే చిన్న బ్లూటూత్ ఓబీడీ పరికరం ఒకటి కొనుక్కోండి. డ్యాష్‌బోర్డు కింద సాకెట్‌లో పెడితే బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు చదువుతుంది. కోడ్ చూడటం కన్నా కదిలే అంకెలు చూడటం ముఖ్యం. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతూ పెడల్ శాతం చూడండి. 5, 6, 7 అని వరసగా పెరగాలి. 12 నుంచి 19కి దూకి మళ్లీ 13 అయితే పెడల్ సెన్సార్ అరిగింది. మనం ఎక్కువ నడిపేది పెడల్ మొదటి భాగంలోనే కాబట్టి అరిగేదీ అక్కడే, కుదుపు వచ్చేదీ స్లోలోనే. ఇంజన్ నడుస్తుండగా రైల్ ప్రెషర్ చూడండి. కంప్యూటర్ అడిగేదీ నిజంగా ఉన్నదీ పక్కపక్కనే నడవాలి. నిజమైనది పైకీ కిందకీ ఊగుతూ ఉంటే ఫిల్టర్, గాలి, ఆ తర్వాత పంపు మీద ఉండే కంట్రోల్ వాల్వ్.

నా బండిలో వచ్చింది ఈజీఆర్ కోడ్. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వ్ అది. తక్కువ ఆర్‌పీఎంలో, ఘాట్‌లో ఎక్కువ నడిచే బండ్లలో మసి పేరుకుని సరిగ్గా మూసుకోదు. ఇంజన్‌కి గాలి చాలక తడబడుతుంది, వెనక నల్ల పొగ వస్తుంది. విప్పితే లోపల చిక్కటి కాటుక, చెంచాతో తీసేంత. ఈజీఆర్ క్లీనర్‌తో కడిగి, కొత్త గాస్కెట్ వేసి బిగించారు. దాన్ని రేకు ముక్కతో మూసేస్తే తలనొప్పి వదులుతుందని సలహా ఇచ్చినవాళ్లున్నారు. వద్దు. అది పొగ తగ్గించడానికి కంపెనీ పెట్టిన ఏర్పాటు, తీసేస్తే చట్టం ఒప్పుకోదు, చెక్ ఇంజన్ దీపం కూడా మళ్లీ వెలుగుతుంది. అప్పుడు దానికి ఇంకో టేపు ముక్క కావాలి.

పని అయ్యాక ఖాళీ బండితో షెడ్డు చుట్టూ తిరిగి డబ్బులిచ్చేయకండి. కుదుపు మొదట ఎక్కడ, ఎంత లోడుతో వచ్చిందో అక్కడే, అంత లోడుతోనే చూడాలి. నేను ఇరవై బస్తాలు వేసుకుని తోటలో ఫోర్ హైలో ఎక్కి, దిగి, మట్టి మీదే టూ హైకి తిప్పి, దీపం ఆరాక తారెక్కి సంతకు పోయాను. చింతపండు అమ్మేవాళ్ల పక్కన ఫస్టు గేరులో పూర్తిగా స్టీరింగ్ తిప్పాను. ముందు టైరు గెంతకుండా, సాధువులా తిరిగింది. మర్నాడు చోడవరం వెళ్తూ దారిలో మాడుగుల హల్వా అరకిలో కొని పెద్దాయనకిచ్చాను. ఆయన పొట్లం పక్కన పెట్టి, ముందు మీటర్ బోర్డులోకి వంగి చూశాడు.